బిడ్డ తలకు దెబ్బ తగిలితే స్కానింగు ఎవరికి, ఎప్పుడు?

హనుమంతునిపాడు: గత మాఘ మాసంలో మా మండలంలో వారం రోజుల తేడాతో రెండు సంఘటనలు జరిగాయి. రెండింటిలోనూ దెబ్బ తగిలింది పసిపిల్లల తలకే. ఒక బిడ్డకు స్కానింగు అవసరమైంది, కాని అందలేదు. రెండో బిడ్డకు అవసరం లేదు, అయినా రెండుసార్లు తీశారు. ఆ రెండో బిడ్డ మా అన్నగారి కూతురు గనుక ఈ నాలుగు మాటలు రాయటానికి నాకు కొంత అధికారం ఉందనుకుంటున్నాను.

మొదటి సంగతి. కంది కట్టె తోలుతున్న ట్రాక్టరు. మోపుల మీద నలుగురు పిల్లలు. మన పల్లెల్లో ఇది వింత కాదు, చిన్నప్పుడు మనమందరం ఎక్కినవాళ్లమే. చప్టా దగ్గర ట్రాక్టరు కుదుపుకు ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒకడు జారి కిందపడ్డాడు. నెత్తురు రాలేదు. కుడి చెవికి పైన బొప్పి కట్టింది. ఏడ్చాడు, లేచాడు, నడిచి ఇంటికొచ్చాడు. మజ్జిగ తాగాడు. "ఏం కాలా, నెత్తురు రాలేదు గదా" అన్నారు చుట్టుపక్కల వాళ్లు. పొద్దు గూకే వేళకు తలనొప్పి అన్నాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. పచ్చి కందికాయలు తిన్నాడు, అజీర్తి అనుకున్నారు. ఊళ్లో వైద్యం చేసే ఆయన వాంతులకు సూది వేసి వెళ్లాడు. తర్వాత పిల్లవాడు పండుకున్నాడు, గురక కూడా పెట్టాడు. "గమ్ముగా నిద్ర పట్టింది బిడ్డకు" అని తల్లి సంతోషించింది.

కోడి కూసే వేళకు లేపితే లేవలేదు. 108 వచ్చింది. కనిగిరిలో డాక్టరు కంటిలో లైటు వేసి చూసి వెంటనే ఒంగోలు పొమ్మన్నారు. పొదిలి దాటాక ఊపిరి ఆగింది.

ఆ తర్వాత నేను ఒక డాక్టరు గారిని అడిగాను. స్కాను తీయలేదు గనుక ఖాయంగా చెప్పలేమనీ, విన్నదాన్ని బట్టి పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య నెత్తురు చేరి ఉంటుందనీ ఆయన అన్నారు. కణత దగ్గర పుర్రె ఎముక పలచన. దాని లోపలివైపు ఆనుకుని ఒక రక్తనాళం పోతుంది. అక్కడ ఎముక చిట్లితే నాళం తెగుతుంది. నెత్తురు బయటికి రాదు, లోపలే కొద్దికొద్దిగా చేరుతుంది. మొదటి కొన్ని గంటలు మనిషి బాగానే ఉంటాడు, మాట్లాడతాడు, అన్నం తింటాడు. పుర్రె గట్టి పెట్టె, సాగదు. లోపల నెత్తురు గడ్డ పెరిగేకొద్దీ మెదడు నొక్కుకుపోతుంది. అప్పుడు తలనొప్పి, వాంతి, మగత. ఆ రాత్రి వాడు పెట్టిన గురక నిద్ర కాదు.

చదువురాని పల్లెటూళ్లలోనే ఇలా జరుగుతుందని ఎవరూ అనుకోనక్కరలేదు. 2009 మార్చిలో నటాషా రిచర్డ్‌సన్ అనే పేరుపడ్డ ఇంగ్లీషు సినిమా నటి కెనడాలో మంచు మీద జారే ఆట నేర్చుకుంటూ పడిపోయింది. నవ్వుతూ లేచింది, నాకేం కాలేదంటూ వైద్యం వద్దంది. కొద్ది గంటల్లో తలనొప్పి మొదలైంది. రెండు రోజులకు చనిపోయింది. ఆమెకు జరిగింది ఇదే, పుర్రె కింద నెత్తురు చేరటం. డబ్బు, ఆసుపత్రులు ఉన్న దేశంలోనే ఆ గంటలు చేజారిపోయాయి. వేళకు గడ్డ కనిపెట్టి, పుర్రె తెరిచి తీసివేస్తే చాలామంది బాగుపడి ఇంటికి వస్తారు. ఎక్కువ మంది మునుపటిలాగే బతుకుతారు కూడా. అందుకే మనసు మరీ కష్టపడుతుంది.

ఇక మా ఇంటి సంగతి. అన్నగారి చిన్నమ్మాయికి నాలుగేళ్లు. నులక మంచం మీద ఎగురుతూ కింద పడింది. నుదుటి మీద ఉసిరికాయంత బొప్పి. వెంటనే కెవ్వున ఏడ్చింది, అయిదు నిమిషాలకు మానుకుంది, బెల్లం ముక్క ఇస్తే తింది, మళ్లీ మంచం ఎక్కబోయింది. అంతటితో పోయేదే. పట్నంలో ఉన్న మా బావగారు ఫోను చేసి "తలతో చెలగాటమా, స్కానింగు తీయించండి" అన్నారు. వదిన బెదిరింది. కారు మాట్లాడుకుని ఒక పట్నంలోని ప్రయివేటు ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు బిడ్డను ముట్టుకోకముందే చీటీ రాశారు. కదలకుండా పడుకోవాలని మత్తు మందు ఇచ్చారు. మూడు వేలు కట్టాం. స్కానులో ఏమీ లేదు. అయినా రాత్రికి ఉంచి, మర్నాడు ఇంకొకసారి తీశారు. అందులోనూ ఏమీ లేదు. కారు కిరాయి, గది అద్దె, రెండు స్కాన్లు కలిపి అన్నగారు ఆ ఏడు కందులమ్మిన దానిలో పెద్ద భాగమే అక్కడ పెట్టి వచ్చారు. ఆసుపత్రి వాళ్లనే తప్పు పట్టను. "తీయకపోతే ఎట్లా" అని అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇంటికొచ్చిన నాలుగు రోజులకు ట్రాక్టరు పిల్లవాడి కబురు విన్నాం.

అప్పటినుంచి ఈ యంత్రం సంగతి తెలుసుకోవాలనిపించింది. సి.టి. స్కాను కనిపెట్టింది గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లాండు ఇంజనీరు. రైతు బిడ్డ, పొలాల మధ్య పెరిగినవాడు. ఆయన పనిచేసిన ఇ.ఎం.ఐ. కంపెనీ గ్రామఫోను రికార్డుల కంపెనీ. గొట్టం ముందు కుక్క కూర్చున్న బొమ్మ రికార్డులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి, అవి ఆ కంపెనీ వారివే. మొదట్లో ఆయన కబేళా నుంచి పశువు మెదడు తెచ్చి పరీక్షించి చూశాడు. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులో మొదటిసారి ఒక రోగి తలను తీశారు. 1979లో అలన్ కార్మాక్ అనే మరొకాయనతో కలిపి హౌన్స్‌ఫీల్డుకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

మామూలు ఎక్స్‌రే ఒకవైపు నుంచి తీసిన నీడ వంటిది. అందులో ఎముక కనబడుతుంది, మెదడు కనబడదు. పుర్రె చిట్లకుండానే లోపల నెత్తురు చేరవచ్చు, పుర్రె చిట్లినా మెదడు బాగుండవచ్చు. అందువల్ల "ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదన్నారు" అని ధైర్యంగా పండుకోవటం తగదు. సి.టి. యంత్రంలో ఎక్స్‌రే గొట్టం తల చుట్టూ తిరుగుతుంది. అన్ని వైపుల నుంచి వచ్చిన లెక్కలను కంప్యూటరు కలిపి, దోసకాయను చక్రాలుగా కోసి పరిచినట్టు తలను పొరలు పొరలుగా చూపిస్తుంది. కొత్తగా కారిన నెత్తురు తెల్లగా కనిపిస్తుంది. పుర్రెను ఆనుకుని బుడిపెలాగా ఉంటే ఒక రకం, నెలవంకలా పరుచుకుని ఉంటే ఇంకో రకం. ఇప్పటి యంత్రాలకు కొద్ది నిమిషాల పని. ఎం.ఆర్.ఐ. అనేది వేరే. దానిలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు, కాని చాలాసేపు కదలకుండా ఉండాలి. దెబ్బ తగిలి ఏడుస్తున్న బిడ్డకు అది సాగేది కాదు, అందుకే అత్యవసరంలో ముందు సి.టి.నే అడుగుతారు.

మరి ప్రతి బొప్పికీ తీస్తే పోలా అంటారా? అక్కడే చిక్కు. తలకు ఒకసారి సి.టి. తీస్తే పడే కిరణాలు, మట్టి నుంచీ ఆకాశం నుంచీ మనిషికి ఏడాది పొడవునా సహజంగా అందేవాటికి దగ్గరగా ఉంటాయి. పెద్దలకు అది లెక్కలోకి రానంతే. పిల్లల శరీరం ఎదుగుతూ ఉంటుంది, ముందు చాలా ఏళ్ల బతుకుంది, అందుచేత వాళ్ల మీద ప్రభావం ఎక్కువ. చిన్నతనంలో స్కాన్లు తీయించుకున్న లక్షా డెబ్బయి వేల మందికి పైగా వివరాలు పరిశీలించి బ్రిటనులో 2012లో లెక్క తేల్చారు. పదేళ్లలోపు పిల్లలు 10,000 మందికి తల స్కాను తీస్తే, తర్వాత పదేళ్లలో అదనంగా ఒకరికి రక్త కాన్సరు, ఒకరికి మెదడులో గడ్డ రావచ్చునని ఆ లెక్క. ఇది చాలా చిన్న ముప్పు. లోపల నెత్తురు కారుతున్న బిడ్డకు దీన్ని చూసి జంకటం మూర్ఖత్వం. నుదుటి మీద బొప్పి కట్టి బెల్లం తింటున్న బిడ్డకు మాత్రం ఉత్తపుణ్యానికి రెండుసార్లు ఎందుకు పెట్టాలి? మా అన్నగారి కూతురు విషయంలో నన్ను నేను వేసుకున్న ప్రశ్న ఇది.

ఎవరికి తీయాలి, ఎవరికి అక్కరలేదు అని తేల్చటానికి పెద్ద పరిశోధనలే జరిగాయి. అన్నింటిలో పెద్దది అమెరికాలో జరిగింది, 2009లో అచ్చయింది. తలకు దెబ్బ తగిలి 25 ఆసుపత్రులకు వచ్చిన 42,412 మంది పిల్లలను లెక్కలోకి తీసుకున్నారు. వీరంతా వచ్చేటప్పటికి తెలివిగానో, దాదాపు తెలివిగానో ఉన్నవారే. వీరిలో 14,969 మందికి స్కాను తీశారు. నిజంగా ప్రమాదకరమైన దెబ్బ 376 మందికే ఉంది. మెదడు ఆపరేషను అవసరమైంది 60 మందికి. అంటే సుమారు ఏడు వందల మందికి ఒక్కరు. ఆ ఒక్కరిని పట్టుకోవటానికి కొన్ని గుర్తులు తేల్చారు. అవి చదువుకున్న డాక్టర్లకే పరిమితమైన రహస్యాలు కావు, మన ఇళ్లలో ఆడవాళ్లు కనిపెట్టగలిగినవే.

రెండేళ్లు దాటిన పిల్లలకయితే: తీరు మారటం, అనగా మగతగా ఉండటం, అడిగిందే అడగటం, మాటకు బదులు ఆలస్యంగా ఇవ్వటం, చీకాకుగా ఎగిరెగిరి పడటం, దెబ్బ తగలగానే కాసేపయినా స్పృహ తప్పటం, వాంతి, భరించలేని తలనొప్పి, చెవి నుంచి, ముక్కు నుంచి నెత్తురో నీళ్లవంటి ద్రవమో రావటం, కళ్ల చుట్టూ లేదా చెవి వెనుక నల్లగా కమలటం, అయిదడుగుల పైనుంచి పడటం, నడిచే బిడ్డను, సైకిలు మీద పోయే బిడ్డను మోటారు బండి గుద్దటం. రెండేళ్లలోపు పసిబిడ్డలకు మూడడుగుల ఎత్తే ఎక్కువ. నుదురు కాక తల పక్కన, వెనుక, నడినెత్తిన బొప్పి కడితే అనుమానించాలి. చేత్తో తడిమితే ఎముక గుంట పడ్డట్టు తగిలినా, అయిదు సెకండ్లు స్పృహ తప్పినా తీసుకుపోవాలి. ఇంకొక గుర్తు ఉంది, నాకు బాగా నచ్చింది అదే. "బిడ్డ ఎప్పటిలా లేడు" అని తల్లిదండ్రులు చెప్పటం కూడా ఆ లెక్కలో ఒక గుర్తు. "ఆడవాళ్లు ఊరికే బెదురుతారు" అని తీసిపారేసే పెద్దమనుషులు ఇది గమనించాలి.

ఈ గుర్తుల్లో ఒక్కటీ లేని బిడ్డకు ప్రమాదం రెండు వేల మందిలో ఒకరికంటే తక్కువని తేలింది. అటువంటి బిడ్డకు స్కాను అక్కరలేదు, ఇంట్లో కనిపెట్టి ఉంటే చాలు. తీరు మారినా, పుర్రె చిట్లిన గుర్తులున్నా వెంటనే స్కాను. ఈ రెండింటికీ మధ్య, అనగా ఒక వాంతి అయింది, మిగతా అంతా బాగుంది అనే బిడ్డ సంగతిలో స్కాను తీయటమా, కొన్ని గంటలు ఆసుపత్రిలో కనిపెట్టి చూడటమా అన్నది డాక్టరు నిర్ణయం.

ఇక్కడ నాదొక మాట. "కనిపెట్టి చూడటం" అని ఆ దేశంలో రాసినప్పుడు, స్కాను యంత్రం పక్క గదిలోనే ఉందన్న ధైర్యంతో రాశారు. నర్సు అరగంటకోసారి వచ్చి కంట్లో లైటు వేస్తుంది. తేడా వస్తే పది నిమిషాల్లో స్కాను, గంటలో ఆపరేషను. మన పడమటి పల్లెల్లో బిడ్డ అర్ధరాత్రి మగతలోకి పోతే 108 రావాలి, కనిగిరి పోవాలి, పొదిలి మీదుగా ఒంగోలు చేరాలి, అక్కడ కాదంటే గుంటూరు. అందుచేత మనకు కనిపెట్టి చూడటం అంటే మన ఇంటి మంచం మీద కాదు, స్కాను ఉన్న ఊరి ఆసుపత్రి బల్ల మీద. పడ్డది సాయంత్రమయితే, ఒక్క గుర్తయినా ఉంటే, "తెల్లవారి చూద్దాం" అనకుండా పొద్దుండగానే బయలుదేరాలి. ట్రాక్టరు పిల్లవాడికి అయిదడుగుల పైనుంచి పడటం, తలనొప్పి, రెండు వాంతులు, చెవి పైన బొప్పి అన్నీ ఉన్నాయి. ఆ సాయంత్రం ఆరు గంటలకు కదిలితే తొమ్మిదింటికి ఒంగోలులో ఉండేవాడు. ఈ లెక్క నేను చాలాసార్లు వేసుకున్నాను.

బస్సు దిగి తిరిగిన వాడిని గనుక అధికారులకు కూడా కొన్ని మనవులు చేయదలిచాను. మండలానికో యంత్రం పెట్టండి అని అడగబోవటం లేదు. యంత్రం పెడితే చదివే డాక్టరు కావాలి, డాక్టరు చదివితే కోసే డాక్టరు కావాలి, ఆ వరస ఎక్కడ తేలుతుందో మనకు తెలుసు. (ఫ్లోరైడు జబ్బు దేశంలో మొదటిసారి బయటపడింది 1937లో అప్పటి మన నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి ప్రాంతం 1970 దాకా ఆ జిల్లాలోదే. మన ఎముకలు చూసి పోయిన పెద్దలు ఎందరో, నీళ్ల కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాం.) అడిగేది అంతకన్నా తక్కువ ఖర్చు పని.

1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు డాక్టర్లు స్పృహను కొలవటానికి ఒక లెక్క పెట్టారు. కళ్లు తెరవటానికి 4, మాటకు 5, కాలూ చేయీ కదపటానికి 6, మొత్తం 15 మార్కులు. ఏ యంత్రమూ అక్కరలేదు. గంట క్రితం 15 ఉన్న బిడ్డ ఇప్పుడు 13కు దిగితే, ఆ రెండు మార్కులే లోపల ఏదో జరుగుతున్నదని చెబుతాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, 108లోనూ ఉన్నవారికి ఈ లెక్క తెలుసు. తెలిసింది కాగితం మీద పెట్టి, టైముతో సహా రాసి, బిడ్డతో పాటు పంపించాలి. కనిగిరిలో రాసిన అంకె చూస్తే ఒంగోలు డాక్టరుకు సగం కథ తెలుస్తుంది. ఇప్పుడు మనవాళ్లు పట్టుకుపోయే చీటీ మీద "తలకు గాయం, పెద్దాసుపత్రికి" అనే రెండు మాటలకు మించి ఉండటం అరుదు.

రెండోది, పైన చెప్పిన గుర్తులను తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రతి ఉపకేంద్రం గోడ మీద, బడి గోడ మీద రాయించాలి. ఆశా కార్యకర్తలకు, ఊళ్లలో సూదులు వేసే వారికి కూడా చెప్పాలి. వారికి చెప్పి ప్రయోజనమేమిటని కొందరు అంటారు. రాత్రి తొమ్మిదింటికి మా ఊళ్లో తలుపు తీసేది వారే. వాంతికి సూది వేసే ముందు "తల మీద దెబ్బేమన్నా తగిలిందా" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

మూడోది ప్రయివేటు వారికి. బిడ్డకు స్కాను రాసేటప్పుడు ఏ గుర్తు చూసి రాశారో చీటీ మీద ఒక వాక్యం రాయాలి. పిల్లలకు తీసేటప్పుడు యంత్రంలో కిరణాల మోతాదు తగ్గించాలి. పెద్దవాళ్ల మోతాదులో పసిబిడ్డకు తీయటం తప్పని ఆ శాఖ వారందరికీ తెలుసు. తల్లిదండ్రులం మనం కూడా "పిల్లల మోతాదులోనే తీస్తున్నారా" అని అడగటం నేర్చుకోవాలి. అడిగితే కోప్పడతారేమో, పడనీయండి. ఫిల్ము, రిపోర్టు మాత్రం జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకోవాలి. ఇంకో ఆసుపత్రిలో మళ్లీ తీయించవలసిన పని కొంత తప్పుతుంది.

తలలో నెత్తురు చేరిందా అని ఒక నిమిషంలో సూచించే చేతి పరికరం ఒకటి, సెరెబో అనే పేరుతో, మన దేశంలోనే తయారయింది. ఎక్స్‌రే కాకుండా కంటికి కనబడని వెలుతురుతో పనిచేస్తుందని, భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో పరీక్షలు జరిగాయని 2025లో వెల్లడించారు. అది స్కానుకు బదులు కాదు, ఎవరిని ముందు పంపాలో తేల్చటానికి పనికివస్తుంది. అటువంటివి మొదట పెట్టవలసింది స్కాన్లు పక్కనే ఉన్న నగరాల్లో కాదు, దూరంగా ఉన్న మా వంటి మండలాల్లో. మాకు వంతు చివర వస్తుందని అనుభవం చెబుతున్నది గనుక ముందే అడుగుతున్నాను.

ఇక మన వంతు. మోపుల మీద పిల్లలను ఎక్కించే ట్రాక్టరు యజమానులు, పిట్టగోడ లేని మిద్దెల మీద గాలిపటాలు ఎగరేయనిచ్చే ఇంటి పెద్దలు వేరే ఊళ్లో లేరు, మనమే. మార్కాపురం, కనిగిరి మీదుగా పోయే 565 నంబరు జాతీయ రహదారి మీద మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకు మీద పసిబిడ్డను కూర్చోబెట్టుకుని ఎనభైలో పోయేవాళ్లను రోజూ చూస్తున్నాను. నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ హెల్మెట్టు ఉండాలని చట్టం చెబుతున్నది. నాలుగేళ్లలోపు బిడ్డకు హెల్మెట్టు, కట్టుకునే పట్టీ ఉండాలని, బండి నలభై దాటరాదని 2022లో కేంద్రం నిబంధన పెట్టింది. ఆ బిడ్డ తలకు సరిపడే హెల్మెట్టు అమ్మే దుకాణం మా చుట్టుపక్కల నేను చూడలేదు.

రోడ్డు మీద వాహన ప్రమాదమయితే లక్షన్నర రూపాయల వరకు, ఏడు రోజుల పాటు, చేతి నుంచి డబ్బు కట్టకుండా వైద్యం చేయించుకునే పథకం 2025 మే నుంచి దేశమంతటా ఉంది. డబ్బు లేదని తెల్లవారేదాకా ఆగేవారికి ఈ సంగతి చెప్పండి.

ఈ మనవులన్నీ అర్జీగా రాసి కలెక్టరు గారికి సోమవారం ఇవ్వదలిచాం. నిన్న సాయంత్రం టీ కొట్టు దగ్గర నలభై మంది సంతకాలు చేశారు. పిల్లవాడి తల్లి కూడా వచ్చింది. రాసిందంతా చదివించుకున్నది. "నిద్ర సంగతి ఇంకాస్త పెద్దగా రాయి అబ్బయ్యా, నేను నిద్రే అనుకున్నా" అన్నది. ఆ వాక్యం కింద గీత గీశాను. ఆమె వేలిముద్ర వేసి వెళ్లింది.